బరువు తగ్గాక వేలాడే చర్మానికి సర్జరీ: ముందు ఏం చూసుకోవాలి, తర్వాత ఎలా ఉంటుంది?

గాలిపటం:
అందరికీ నమస్కారం. బేరియాట్రిక్ సర్జరీ (బరువు తగ్గడానికి పొట్టకు చేసేది) అయి ఏడాదిన్నర దాటింది. యాభై కిలోలకు పైగా తగ్గాను. షుగర్ మందులు ఆగిపోయాయి, మోకాళ్ల నొప్పులు పోయాయి. ఆ సంతోషం అలాగే ఉంది. కానీ పొట్ట కింద చర్మం మడతపడి తొడల మీదికి జారింది. ఆ మడతలో చెమట పట్టి ఎర్రగా ఒరుసుకుపోతోంది. ఆయింట్‌మెంట్ రాసినన్నాళ్లు తగ్గుతుంది, మానగానే మళ్లీ వస్తుంది. చేతులు, తొడలు కూడా అంతే. వ్యాయామం చేస్తే బిగుస్తుందని ఏడాదిగా చేస్తూనే ఉన్నాను. కండ వచ్చింది గానీ చర్మం అలాగే ఉంది.

సర్జన్ నడుము చుట్టూ తిరిగే కోతతో వేలాడే చర్మం తీసి బిగించే లోయర్ బాడీ లిఫ్ట్ ముందు చేద్దాం, చేతులు, తొడలు తర్వాత చూద్దాం అన్నారు. నాకేమో అన్నీ ఒకేసారి చేయించుకుంటే ఒక్క సెలవుతో అయిపోతుంది కదా అనిపిస్తోంది. చేయించుకున్నవాళ్లు చెప్పండి. ముందు ఏం సిద్ధం చేసుకోవాలి? మొదటి నెల నిజంగా ఎలా ఉంటుంది? దాచకుండా చెప్పండి, భయపడను.

మూడోమెట్టు:
గాలిపటం గారూ, వ్యాయామం వృథా కాలేదు, ఆ కండ సర్జరీ తర్వాత మిమ్మల్ని లేపి నిలబెడుతుంది. చర్మం సంగతి వేరు. ఏళ్ల తరబడి సాగిన చర్మంలో దాన్ని వెనక్కి లాగే ఎలాస్టిన్, కొలాజెన్ దెబ్బతిని ఉంటాయి. క్రీములు, మసాజ్‌లు, ఎన్ని చేసినా ఆ కొలతలో మిగిలిన చర్మం లోపలికి పోదు. లైపోసక్షన్ ఒక్కటే చేస్తే కొవ్వు పోయి సంచి ఇంకా ఖాళీ అవుతుంది.

ఇక ఆ "అన్నీ ఒకేసారి" మాట దగ్గర ఆగుదాం. నాకు నడుము చుట్టూ ఒకసారి చేశారు, చేతులు, ఛాతీ కలిపి ఇంకోసారి చేశారు. మత్తులో ఉండే గంటలు పెరిగేకొద్దీ రక్తం పోవడం, ఒళ్లు చల్లబడటం, కాళ్లలో గడ్డలు కట్టడం, కుట్లు విడిపోవడం అన్నిటి రిస్కూ పెరుగుతుంది. అందుకే చాలామంది సర్జన్లు ఒక విడతను ఆరు గంటల్లోపు ముగించాలని చూస్తారు. రెండు విడతల మధ్య కనీసం మూడు నెలలు ఆగుతారు.

దీనికి తోడు ఇంట్లో ఎదురయ్యే ఇబ్బంది ఒకటుంది. పొట్టకు కుట్లుంటే మంచం మీంచి లేచేటప్పుడు భారమంతా చేతుల మీదే వేస్తాం. చంక నుంచి మోచేతి దాకా కుట్లున్న చేతులతో ఆ పని ఎలా చేస్తారు? నడుము చుట్టూ చేసినప్పుడైతే ఇంకో తిరకాసు. నిటారుగా నిలబడితే ముందు కుట్లు లాగుతాయి, బాగా వంగితే వెనక కుట్లు లాగుతాయి. ఆ రెంటికీ మధ్య ఒక భంగిమ దొరుకుతుంది, కొన్నాళ్లు అందులోనే బతకాలి. మీ సర్జన్ విడతలుగా అంటున్నారంటే ఆలోచించే అంటున్నారు. దయచేసి ఆయన్ని తొందరపెట్టకండి.

వార్డుదీపం:
నేను సర్జికల్ వార్డులో నర్సుని. సర్జరీ రోజు కంటే దానికి ముందు రెండు మూడు నెలలే నాకు ముఖ్యంగా కనిపిస్తాయి. పుండు ఎలా మానుతుందనేది చాలావరకు అప్పుడే తేలిపోతుంది.

మొదటిది బరువు నిలకడ. బేరియాట్రిక్ అయ్యాక సాధారణంగా ఏడాది నుంచి ఏడాదిన్నర ఆగమంటారు, అందులో చివరి మూడు నుంచి ఆరు నెలలు బరువు పెద్దగా పెరగకుండా, తగ్గకుండా ఉండాలి. ఇంకా తగ్గుతూ ఉండగా చేస్తే చర్మం మళ్లీ వదులవుతుంది. పైగా బరువు దిగిపోతున్న ఒంటికి పుండు మానడానికి కావలసిన సరుకు ఉండదు.

రెండోది రక్తపరీక్షలు. హిమోగ్లోబిన్, ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పేది), బి12, ఫోలేట్, విటమిన్ డి, అల్బుమిన్ (రక్తంలో ఉండే ప్రోటీన్) చూపించుకోండి. గ్యాస్ట్రిక్ బైపాస్ (పొట్టను చిన్నది చేసి చిన్నపేగు కింది భాగానికి కలిపే సర్జరీ) చేయించుకున్నవారైతే జింక్, విటమిన్ ఎ, థయమిన్ కూడా అడగండి. పైకి ఏ నీరసమూ లేకుండా తిరిగేవాళ్లలో కూడా ఐరన్ అడుగంటి ఉండటం మామూలుగా చూస్తాం. బైపాస్‌లో ఐరన్ పీల్చుకునే చిన్నపేగు మొదటి భాగాన్ని తిండి దాటుకుని పోతుంది కాబట్టి మాత్రలు ఎన్ని మింగినా ఒక్కోసారి చాలవు, సెలైన్‌లో ఎక్కించాల్సి వస్తుంది. అది ఆఖరి వారంలో తెలిస్తే సర్జరీ వాయిదా పడుతుంది.

ప్రోటీన్ రోజుకు 60 గ్రాములకు తగ్గకూడదు. ఈ సర్జరీకి ముందు చాలామంది డాక్టర్లు 70 నుంచి 100 గ్రాముల దాకా అడుగుతారు. మీ పొట్ట ఒక్కసారి అంత తీసుకోదు, అందుకే రోజంతా కొద్దికొద్దిగా పంచుకోండి. కుట్లు విప్పేదాకా మాత్రమే కాదు, ఆ తర్వాత కూడా రెండు నెలలు అదే కొనసాగించండి.

ఇంకొకటి. బైపాస్ అయినవాళ్లు ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు వాడకూడదు, కలిపిన చోట పుండు పడుతుంది. ప్లాస్టిక్ సర్జరీ వార్డులో అందరికీ ఆ సంగతి గుర్తుండకపోవచ్చు. మీ ఫైలు మీద పెద్ద అక్షరాలతో రాయించండి.

కొత్తచిగురు:
వార్డుదీపం గారూ, నేను సర్జరీ చేయించుకోలేదు. వారానికోసారి సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్‌తో తగ్గాను, ఇప్పటికీ తీసుకుంటున్నాను. నాకూ ఇవే రూల్సా?

వార్డుదీపం:
బరువు నిలకడ, ప్రోటీన్ విషయంలో అవే. మీకు ఆకలి లేక తిండి తగ్గి ఉంటుంది, కాబట్టి ప్రోటీన్ లెక్క ఇంకా గట్టిగా చూసుకోవాలి.

అదనంగా మత్తు సంగతి ఉంది. ఆ మందు వల్ల పొట్ట ఆలస్యంగా ఖాళీ అవుతుంది. రాత్రి నుంచి ఏమీ తినకపోయినా లోపల తిండి మిగిలి ఉండొచ్చు, మత్తులో అది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. 2023లో అమెరికన్ సొసైటీ ఆఫ్ అనస్థీషియాలజిస్ట్స్ ఈ ఇంజెక్షన్‌ను సర్జరీకి వారం ముందు ఆపమని చెప్పింది. 2024లో అదే సంస్థ మరికొన్ని సంస్థలతో కలిసి, చాలామంది కొనసాగించవచ్చు, రిస్కు ఎక్కువున్నవారు ముందు 24 గంటలు ద్రవాహారం మీద ఉండాలి అని మార్చింది. మీ విషయంలో ఏది సరైనదో మత్తు డాక్టర్ చెప్పాలి. అడగకపోయినా మీరే చెప్పండి, చివరి డోసు తేదీతో సహా.

నిశ్శబ్దనది:
సిగరెట్ గురించి ఎవరూ అనలేదు. నేను సర్జరీకి చాలా ముందే మానేశాను, మా అన్నయ్య మాత్రం "వేప్ పర్లేదు, పొగాకు కాదుగా" అంటూ ఉంటాడు. సర్జన్ కచ్చితంగా చెప్పారు: పొగ మాత్రమే సమస్య కాదు, నికోటిన్ కూడా. వేప్, గుట్కా, నికోటిన్ గమ్, ప్యాచ్, ఏ రూపంలో వెళ్లినా సన్న రక్తనాళాలు ముడుచుకుంటాయి. చర్మాన్ని లోపలి నుంచి విడదీసి కిందికి లాగి కుట్టినప్పుడు ఆ అంచులకు రక్తం అందేదే అరకొరగా. అది కూడా ఆగితే అంచు నల్లబడి చచ్చిపోతుంది. కనీసం నాలుగు వారాల ముందు, నాలుగు వారాల తర్వాత పూర్తిగా మానాలి. చాలాచోట్ల ఒంట్లో నికోటిన్ ఆనవాలు పట్టే కొటినిన్ పరీక్ష చేసి మరీ చూస్తారు. మానలేకపోతే ఆ సంగతి డాక్టర్‌కే చెప్పండి, తేదీ మార్చుకోవచ్చు.

తోడుగా:
నేను పేషెంట్‌ని కాదు, మా ఆవిడ చేయించుకుంది. చూసుకునేవాళ్ల వైపు నుంచి నాలుగు మాటలు.

ఇంట్లో అన్నీ నడుము ఎత్తుకు తెచ్చిపెట్టండి. వంగకూడదు, చేతులెత్తకూడదు, నాలుగైదు కిలోలు దాటినవి ఆరు వారాలు ఎత్తకూడదు. చిన్నపిల్లలున్న ఇళ్లలో దీని అర్థం పిల్లల్ని ఎత్తుకోకూడదనే. ఆ సంగతి పిల్లలకు ముందే చెప్పి ఉంచండి. పడుకోవడానికి వెనక్కి వాలే కుర్చీ ఉంటే చాలా మేలు. లేకపోతే వీపు కింద దిండ్లు మెట్లుగా పేర్చి, మోకాళ్ల కింద ఒక దిండు పెట్టాలి. బాత్రూమ్ సీటు ఎత్తు ముందే చూసుకోండి, తక్కువ ఎత్తు సీటు మీంచి లేవడం మొదటి వారంలో చాలా కష్టం. ముందు బొడ్డు దగ్గర బట్ట తగలకుండా ఉండే, ముందువైపు విప్పుకునే వదులు దుస్తులు కావాలి.

డ్రెయిన్లు. చూడగానే కంగారు పడ్డాను గానీ రెండో రోజుకి అలవాటైంది. చర్మం కింద నుంచి సన్న గొట్టం బయటికి వస్తుంది, దాని చివర గుడ్డు ఆకారంలో మెత్తటి బల్బు. మూత తీసి, కొలత గిన్నెలోకి వంచి, ఎన్ని మిల్లీలీటర్లో రాసుకుని, బల్బును పూర్తిగా నొక్కి గాలి పోయాక, అలా నొక్కి పట్టుకుని ఉండగానే మూత పెట్టాలి. నొక్కకుండా మూత పెడితే అది లాగదు. గొట్టంలో గడ్డలు అడ్డుపడకుండా చర్మం దగ్గర ఒక చేత్తో గట్టిగా పట్టుకుని, ఇంకో చేతి వేళ్లతో కిందికి తోయాలి. పైన పట్టుకోవడం మరిస్తే గొట్టమే లాగినట్టయి విలవిల్లాడిపోతారు. మొదట ఎర్రగా, తర్వాత గులాబీ రంగులో, ఆపైన లేత పసుపులో వస్తుంది. అలా మారుతుంటే మంచిదే. తేట పసుపు నుంచి మళ్లీ చిక్కటి ఎరుపుకి తిరిగితే, ఒక్కసారిగా ఎక్కువ వస్తే ఫోన్ చేయాలి.

ఒక్కో డ్రెయిన్ కొలత వేరుగా రాయండి. రోజుకు సుమారు 30 మిల్లీలీటర్ల లోపు వరుసగా రెండు రోజులు వస్తే తీసేస్తారు. కుడివైపుది ముందు తీసి, ఎడమవైపుది ఇంకో వారం ఉంచారు మాకు.

పరుగులరాణి:
ఇప్పుడు డ్రెయిన్ లేకుండా కూడా చేస్తున్నారండీ. నాకు పెట్టలేదు. లోపల చర్మాన్ని కండ పొరకు అక్కడక్కడా కుట్లు వేసి అంటించారు, ఖాళీ లేకపోతే నీరు చేరదన్నారు. డ్రెయిన్ లేని సర్జన్ దొరికితే వదలకండి, ఎంత హాయో.

మూడోమెట్టు:
మీకు హాయిగా జరిగినందుకు సంతోషం. కానీ ఆ ఒక్కదాన్ని బట్టి సర్జన్‌ని ఎంచుకోమనడం నాకు నచ్చలేదు. చర్మాన్ని అంటించే కుట్లు నీరు చేరడాన్ని బాగా తగ్గిస్తాయి, నిజమే. అయినా యాభై, అరవై కిలోలు తగ్గి, నడుము చుట్టూ కోసినప్పుడు లోపల విడదీసిన జాగా చాలా పెద్దది. ఎవరికి డ్రెయిన్ కావాలో సర్జన్‌కే వదిలేద్దాం. అడగాల్సినవి వేరే ఉన్నాయి: ఎక్కువ బరువు తగ్గినవాళ్లకు ఎన్నాళ్లుగా చేస్తున్నారు, వాళ్ల ఫోటోలు చూపిస్తారా, కుట్లు విడిపోతే ఎవరు చూస్తారు, రాత్రిపూట ఏ నంబర్‌కి ఫోన్ చేయాలి, అక్కడ ఐసీయూ ఉందా.

పరుగులరాణి:
ఒప్పుకుంటున్నాను. నాది టమ్మీ టక్ (పొట్ట ముందువైపు చర్మం తీసి బిగించేది) ఒక్కటే, తగ్గిన బరువు కూడా తక్కువ. నీరు చేరడం గురించి తెలియనివాళ్ల కోసం: డ్రెయిన్ తీసేశాక కూడా చేరొచ్చు. నడుస్తుంటే పొట్ట కింద నీళ్ల సంచి అటూ ఇటూ కదిలినట్టు తెలుస్తుంది. దాన్ని సీరోమా అంటారు, ఈ సర్జరీల్లో మామూలుగా వచ్చేదే. క్లినిక్‌లో సూదితో తీసేస్తారు, అక్కడ స్పర్శ తక్కువ కాబట్టి పెద్ద నొప్పి ఉండదు. ఒకటి రెండు సార్లు తీయాల్సి రావచ్చు. "తర్వాత చూద్దాం" అని మాత్రం వదలకండి, చీము పడితే కథ మారిపోతుంది.

వార్డుదీపం:
అందరూ చదువుతున్నారు కాబట్టి కాళ్లలో గడ్డల సంగతి వేరుగా రాస్తున్నాను. నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. కడుపు బిగించిన ఒత్తిడి, మంచం మీద పడుకుని ఉండటం, గంటల తరబడి సర్జరీ, అన్నీ కలిసి పిక్కల్లో రక్తం గడ్డ కట్టే అవకాశం పెంచుతాయి. అది ఊపిరితిత్తులకు వెళ్తే క్షణాల్లో ప్రమాదం. డాక్టర్లు కాప్రినీ స్కోర్ అనే లెక్కతో మీ రిస్కు చూసి, పిక్కలకు గాలితో నొక్కే పట్టీలు కట్టాలా, రక్తం గడ్డ కట్టకుండా పొట్టకు ఎనాక్సపారిన్ ఇంజెక్షన్లు ఎన్నాళ్లివ్వాలా అని తేలుస్తారు. గర్భనిరోధక మాత్రలు, హార్మోన్ మాత్రలు వాడుతుంటే చెప్పండి. ఇంట్లో ఎవరికైనా గడ్డ కట్టిన చరిత్ర ఉంటే కూడా చెప్పండి.

మీ చేతిలో ఉన్నది నడక. సర్జరీ రోజు సాయంత్రమే, వంగే అయినా, మనిషి ఆసరాతో నాలుగడుగులు వేయండి. ఆ తర్వాత మెలకువగా ఉన్నంతసేపు గంటా రెండు గంటలకోసారి గదిలోనే తిరగండి. ఒక పిక్క మాత్రమే వాచి నొప్పిగా ఉన్నా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, ఊపిరి తీస్తే ఛాతీలో పోటు వచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు, ఎమర్జెన్సీకి వెళ్లండి.

మొదటి ఒకటి రెండు రోజుల్లో ఒకవైపు మాత్రమే గట్టిగా ఉబ్బితే లోపల రక్తం చేరుతున్నట్టు, వెంటనే చూపించాలి. 38 డిగ్రీల సెల్సియస్ (100.4 ఫారెన్‌హీట్) దాటి జ్వరం, రోజురోజుకీ పాకే ఎరుపు, దుర్వాసన, నల్లబడే అంచు, వీటికి కూడా అదే రోజు ఫోన్.

గాలిపటం:
చదువుతూ నోట్స్ రాసుకున్నాను. అందరికీ చాలా చాలా థ్యాంక్స్. ఫెర్రిటిన్ చూపిస్తే అడుగున ఉంది. సర్జన్ తేదీ వెనక్కి జరిపి ఐరన్ ఎక్కించమన్నారు. విడతలుగానే వెళ్తున్నాను.

కొత్తచిగురు:
మంచి నిర్ణయం గాలిపటం గారూ. నాకో సందేహం. పొట్ట కింద తిమ్మిరిగా ఉంటుందంటారు, అది పోతుందా?

నిశ్శబ్దనది:
చాలావరకు వెనక్కి వస్తుంది, నెలలు పడుతుంది. బొడ్డు కింద కొంతమేర కొందరికి శాశ్వతంగా ఉండిపోతుంది. చర్మాన్ని విడదీసినప్పుడు సన్న నరాలు తెగుతాయి కదా. అవి తిరిగి వచ్చేటప్పుడు చురుక్కుమని కరెంటు కొట్టినట్టు, దురదగా అనిపిస్తుంది. కంగారు పడొద్దు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను. ఆ చోట హాట్ వాటర్ బ్యాగ్, హీటింగ్ ప్యాడ్ పెట్టొద్దు. ఐసు ముక్కలు కూడా నేరుగా వద్దు. వేడి తెలియదు కాబట్టి చర్మం కాలిపోయి బొబ్బ లేచాక గానీ చూసుకోరు. నడుం నొప్పికి వేడి పెట్టుకుంటూ పక్కకు జారి పొట్టకు తగిలినా అంతే. స్నానం నీళ్లు కూడా చేత్తో చూసుకుని పోసుకోండి.

తోడుగా:
మలబద్ధకం గురించి కూడా రాయాలి. మత్తు, నొప్పి మందులు, ఐరన్ మాత్రలు మూడూ కలిసి బిగించేస్తాయి. కుట్ల మీద ముక్కడం నరకం. మొదటి రోజు నుంచే విరేచనం మెత్తబడే మందు ఇమ్మని అడగండి.

గాలిపటం:
అయిపోయింది. ఇంటికొచ్చి కొన్ని వారాలైంది. మొదటి వారం కష్టమే, కానీ భయపడినంత లేదు. నొప్పి కంటే బిగుతు ఎక్కువ. దగ్గు వచ్చినప్పుడు దిండును పొట్టకు హత్తుకుంటే ఓర్చుకోగలిగాను.

వెనక నడుము మధ్యలో, పిరుదుల పైన కుట్లు కాస్త విడిపోయాయి. వేలి గోరంత. చూసుకోగానే ఏడ్చేశాను. డాక్టర్ చూసి చీము లేదు, డ్రెస్సింగ్‌తో లోపలి నుంచి మానుతుంది అన్నారు. ఎవరికైనా ఇలా అయిందా? ఇంకో మాట అడగాలి. ఇంత కోరుకుని చేయించుకున్నాక రోజూ సాయంత్రానికి దిగులు ముసురుకుంటోంది. అద్దంలో వాచిపోయిన మనిషి కనిపిస్తోంది.

మూడోమెట్టు:
అయింది, నాకూ అక్కడే. కూర్చున్నప్పుడు, వంగినప్పుడు ఎక్కువ లాగుడు పడేది ఆ మధ్యలోనే. పొట్ట మీద నిలువుగా కూడా కోసినవారికి రెండు గీతలు కలిసే చోట ఇలాగే అవుతుంది. చిన్నవైతే డ్రెస్సింగ్‌తోనే మూసుకుంటాయి. ప్రోటీన్ తగ్గించకండి, ఎక్కువసేపు ఒకే తీరున కూర్చోకండి. మచ్చ ఆ చోట కొంచెం వెడల్పుగా మిగలొచ్చు, తర్వాత సరిచేసుకోవచ్చు.

దిగులు విషయం. మొదటి వారాల్లో ఇది చాలామందికి వస్తుంది. నిద్ర లేదు, నొప్పి మందులు, కదలలేని తనం, మనుషుల మీద ఆధారపడటం. పైగా పొద్దున తగ్గిన వాపు సాయంత్రానికి మళ్లీ పెరుగుతుంది, ఇది మూడు నుంచి ఆరు నెలలు ఉంటుంది. ఇప్పుడు అద్దంలో ఉన్నది ఫలితం కాదండీ. త్రాసు కూడా ఎక్కకండి, వాపు నీరంతా బరువుగా చూపిస్తుంది. తీసేసిన చర్మం బరువు కూడా అనుకున్నంత ఉండదు, చాలామందికి కొద్ది కిలోలే. రెండు మూడు వారాలైనా దిగులు వదలకపోతే, నిద్ర, తిండి పోతే డాక్టర్‌కి చెప్పండి. ఇక్కడ కూడా రోజూ రాయండి, చదవడానికి మేమున్నాం.

పరుగులరాణి:
గాలిపటం గారూ, మచ్చ గురించి ఇప్పుడు ఆలోచించకండి. మొదటి నెలల్లో ఇంకా ఎర్రబడి, ఉబ్బి భయపెడుతుంది. ఏడాది, ఏడాదిన్నరకు పాలిపోయి చదునవుతుంది. పుండు పూర్తిగా మూసుకున్నాకే మచ్చ మీద అంటించే సిలికాన్ షీట్ మొదలుపెట్టండి, రోజుకు 12 గంటలకు తగ్గకుండా రెండు మూడు నెలలు. ఎండ తగలనివ్వకండి, నల్లగా ఉండిపోతుంది. కంప్రెషన్ గార్మెంట్ (ఒంటిని నొక్కి పట్టే బిగుతు దుస్తులు) ఆరు వారాల దాకా వేసుకోమంటారు. మడత పడి ఒకచోట కోసుకుపోతుంటే సైజు మార్చమనండి. బిగుతు ఎక్కువైతే మేలు ఎక్కువ అనుకోవద్దు, అంచులకు రక్తం ఆగిపోతుంది.

కొత్తచిగురు:
పిల్లలు కావాలనుకునేవాళ్లు ఆగాలా?

వార్డుదీపం:
ఆగితే మంచిది. తర్వాత గర్భం వస్తే బిడ్డకు ప్రమాదం లేదు, కానీ చర్మం మళ్లీ సాగుతుంది, మధ్యలో బిగించి కుట్టిన కండరాలు మళ్లీ విడిపోవచ్చు. ఒరుసుకుపోయి పుండ్లు పడుతూ ఉంటే మాత్రం డాక్టర్‌తో మాట్లాడండి, మడత ఒక్కటి తీసేసే సర్జరీ ఉంది. దాన్ని పానిక్యులెక్టమీ అంటారు, అందులో కండరాలు బిగించరు.

గాలిపటం:
వెనక పుండు మూసుకుంది. దిగులు కూడా తగ్గింది. నిటారుగా నడుస్తున్నాను, ఆఫీసుకు వెళ్తున్నాను, సాయంత్రం వాపు మాత్రం ఉంది. ఇప్పుడు తర్వాతి విడత: చేతులా, తొడలా? తొడలు చేయించుకున్నవారు ఎవరైనా ఉన్నారా?

నడకదారి:
నేను చేయించుకున్నాను, లోపలివైపు గజ్జ నుంచి మోకాలి దాకా. నా సలహా, చేతులు ముందు కానివ్వండి. తొడల్లో గజ్జ దగ్గర తేమ, రాపిడి ఎక్కువ, పుండ్లు ఆలస్యంగా మానుతాయి. కాళ్లలో వాపు నెలల తరబడి ఉంటుంది. అక్కడి లింఫ్ నాళాలు (ఒంట్లో చేరే నీటిని తీసుకుపోయేవి) దెబ్బతింటే వాపు నిలిచిపోయే రిస్కు కూడా చెప్పి సంతకం తీసుకున్నారు. టాయిలెట్‌కి వెళ్లిన ప్రతిసారీ ముందు నుంచి వెనక్కి మెత్తగా కడిగి, అద్ది ఆరబెట్టాలి. కాళ్లు దూరంగా చాపి కూర్చోకూడదు. నాకు కూర్చోవడం కన్నా పడుకుని కాళ్లు ఎత్తులో పెట్టుకోవడమే సుఖంగా ఉండేది. నడవాలి, కానీ చిన్న అడుగులతో.

చేతులకైతే భుజం పైకి ఎత్తకుండా కొన్ని వారాలు ఉండాలి. తల దువ్వడానికి మనిషి కావాలి. వేళ్లు వాస్తాయి, ఉంగరాలు ముందే తీసేయండి. మోచేతి దిగువన లోపలివైపు తిమ్మిరి రావచ్చు.

గాలిపటం:
చేతులే ముందు. రేపు ఫెర్రిటిన్ మళ్లీ చూపిస్తాను. నడకదారి గారూ, గజ్జ దగ్గర డ్రెస్సింగ్ జారకుండా మీరేం వాడారు?

నడకదారి:
అంటుకునే ప్లాస్టర్ నిలవలేదు, చెమటకి ఊడిపోయేది. మెత్తటి గాజు గుడ్డ మడిచి పెట్టి, పైన గార్మెంట్ పట్టి ఉంచేలా చూసుకునేవాళ్లం, తడిసినప్పుడల్లా మార్చేవాళ్లం. కింద తెరిచి ఉండే గార్మెంట్ తీసుకోండి, టాయిలెట్‌కి ప్రతిసారీ విప్పనక్కర్లేదు. రెండు తీసుకోండి, ఒకటి ఉతికి ఆరేలోగా ఇంకోటి కావాలి.